రెండు టాకులు

1979 జూన్ 17, ఆదివారం

సరదా మెడకు చుట్టుకుంది. పాత ఇనుము కొట్లో కొన్న బాయినెట్ కత్తిని నాన్న వేట తుపాకీ మొనకి బిగిస్తే ఎలా ఉంటుందోనని వెల్డరు అప్పలరాజుకిచ్చాను. ఊడదీసుకునేలా రెండు టాకులు, అంటే రెండు చిన్న వెల్డింగు చుక్కలు మాత్రమే పెట్టమని చెప్పి బజారుకెళ్లాను. వచ్చేసరికి నవ్వుతూ నిలబడ్డాడు.

“రెండు టాకులైతే ఊడిపోద్ది బావా. సుట్టూ పక్కాగా ఏసీసేను.”

ఆ వేడికి గొట్టం వంకరపోయింది. రేపు లైసెన్సు కోసం ఆ తుపాకీని స్టేషన్లో చూపించాలి. ఏం చెప్పను? ఆకురాయితో రాసీ రాసీ చేతులు బొబ్బలెక్కాయి. అతుకు కదల్లేదు. అంత ప్రేమగా వేసినవాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు.

వెళ్తూ, “లాగి సూడు బావా, ఊడితే నన్నడుగు” అన్నాడు.

ఇందాకటిదాకా లాగుతూనే ఉన్నాను.