ఐదు మెగాపిక్సెళ్ళ పోలిక

9 మార్చి 2008

నగరం ఊరి మాణిక్యాలరావుగారు సెలవు మీద వచ్చేరు. దోహాలో మా ఆయనకి రూమ్మేటు. పార్సిల్ ఇచ్చి వెళ్ళేరు. రెండు ఫోన్లు. పెద్ద డబ్బాలోది శ్రీవాణి వదినకి. ఐదు మెగాపిక్సెల్ కెమెరా, ఫ్లాషు, జరిపితే తెరుచుకునే మూత. చిన్న డబ్బాలోది నాకు. దీనికీ కెమెరా ఉందిట. వెనకాల ఆవగింజంత కన్నం, అదే.

సాయంత్రం ఈయన ఫోన్ చేసేరు. అక్క ఎప్పట్నించో అడుగుతోంది, నీకు మాట్లాడ్డానికి ఇది చాలు కదా అన్నారు. ఆయ్, చాలండి అన్నాను. ఇంకేమంటాను! పాప కడుపులో ఉండగా వెళ్ళిన మనిషి. కూతురి మొహం ఇంతవరకూ చూళ్ళేదు. చూపించాల్సింది నేను. మంచి కెమెరా మాత్రం రెండిళ్ళ అవతల ఉన్న ఆడపడుచుకి.

11 మార్చి

పాపకి తలంటి, కాటుక పెట్టి, బుగ్గన దిష్టి చుక్క పెట్టి ఫొటో తీసేను. గదిలో తీస్తే చీకటి. అరుగు మీద తీస్తే మొహం నీలంగా వచ్చింది. దిష్టి చుక్క బుగ్గంతా అలుక్కుపోయింది. ఈ కెమెరాకి పాపైనా ఒకటే, పనసకాయైనా ఒకటే.

అత్తయ్యగారు ఒకటే సణుగుడు. ఏడాది నిండకుండా ఫొటో తీస్తే పిల్లకి ఆయుక్షీణమట. వదిన కూతురు బిందు మా పాపకంటే రెండు నెలలే పెద్ద. దాన్ని పొద్దస్తమానం తీస్తూనే ఉంది కదా, దానికి క్షీణించదా? తియ్యడమే గానీ ఎవరికీ పంపదు. గల్ఫు రూముల్లో పదిమంది కళ్ళూ పడతాయిట.

16 మార్చి

రాజోలు నెట్ సెంటర్‌కి వెళ్ళేను. అక్కడి కుర్రాడు లోవరాజు ఫొటో పెద్దది చేసి చూపించేడు. పాప మొహం నిండా గళ్ళు. పంపెయ్యమంటారా అండీ అని నెమ్మదిగా అడిగేడు. ఆ జాలికే నాకు ఒళ్ళు మండింది. పంపెయ్యి బాబూ అన్నాను.

20 మార్చి

ఫోన్ వచ్చింది. బుగ్గ మీద ఆ మచ్చేంటి అన్నారు ముందు. దిష్టి చుక్కండీ అన్నాను. ఇంత నలుపేంటి అన్నారు. అప్పుడన్నారు, ఎవరి పోలిక ఇది, మా వాళ్ళలో ఈ మొహం ఎవరికీ లేదు, రూములో వాళ్ళూ అదే అంటున్నారు అని.

వేళాకోళమేమో అనుకున్నాను. నవ్వుతారని చూసేను. నవ్వలేదు.

21 మార్చి

రూములో వాళ్ళుట!

22 మార్చి

నా కడుపున పుట్టిన పిల్లకి దోహాలో పంచాయితీ. ఆవగింజంత కన్నంలోంచి చూసి ఎవరి పిల్లో తేల్చేస్తారా! సూటిగా అడిగితే నాలుగు దులిపి వదిలిపెట్టేదాన్ని. అడగలేదు. అనుమానం అనే మాట ఎత్తకుండా అనుమానపడ్డారు. దానికి జవాబు ఎలా చెప్తాం?

మంచి ఫొటో ఒక్కటి పంపాలి. మొహం తెలిసేలా. అంతే.

6 ఏప్రిల్

వదిన ఫోన్ అడిగేను. ఇవ్వలేదు. చెయ్యి జారితే పూచీ ఎవరిది, నేనే తీస్తాలే అంది. పొద్దుటెండలో అరుగు మీద రెండు ఫోన్లతోనూ తీసేం.

నిజం చెప్పుకోవాలి, ఆవిడ ఫోన్‌కీ నా ఫోన్‌కీ పోలికే లేదు. బిందు బొమ్మలా కూర్చుంటుంది. కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కెట్టచ్చు. ఎడం బుగ్గన సొట్ట, అచ్చం అత్తయ్యగారి సొట్ట, చక్కగా పడింది. కానీ ఆ ఫోన్ నొక్కగానే తియ్యదు. కిర్రుమని సర్దుకుని, ఆలోచించుకుని, అప్పుడు తీస్తుంది. అంతలో మా పాప కప్పపిల్లలా గెంతి ఇటు తిరిగిపోతుంది. ఎన్ని తీసినా వెనక గోడకి ఊడిన పెచ్చు స్పష్టంగా ఉంది, పాప మాత్రం పొగ. నా ఫోన్ టక్కున తీస్తుంది. తీసి ఏం లాభం, బూడిద.

పాప మీద కోపం వచ్చి తొడమీద ఒక్కటిచ్చేను. ఏడ్చింది. నేనూ ఏడ్చేను.

14 జూన్

ఈ నెలలో ఒక్కసారే ఫోన్. అత్తయ్యగారితో మాట్లాడి పెట్టేసేరు. పాప ఎలా ఉందని కూడా అడగలేదు. వాడూ పుట్టినప్పుడు బొగ్గులానే ఉండేవాడే అన్నారు అత్తయ్యగారు, నాతో. ఆ ముక్క కొడుకుతో అనచ్చు కదా! వాడికి అక్కడ బిల్లవుతుందిట.

3 సెప్టెంబర్, వినాయక చవితి

పిల్లలిద్దరికీ ఒకే రకం గులాబీరంగు గౌన్లు పంపేరు ఈయన. వేసి ఫొటోలు పంపమన్నారు. వదిన బోలెడు తీసింది. నేను రాజోలు వెళ్తున్నా, మీ పాపవి కూడా నేనే పంపుతాలే అంది. వదిన మంచిదే అనిపించింది ఇవాళ.

8 సెప్టెంబర్

ఫోన్. ఎంత సంతోషమో గొంతులో! వదిన పంపిన ఫొటో పెద్ద సైజు కడిగించి మంచం దగ్గర పెట్టుకున్నారుట. రూములో స్వీట్లు పంచేరుట. ఎడం బుగ్గన ఆ సొట్ట చూసేవా, మా అమ్మదే అన్నారు. కెమెరా మంచిదైతే మొహం ఎలా తెలుస్తుందో చూడు, ఆ డొక్కు ఫోన్‌తో తీసి నన్ను హడలగొట్టేసేవు అన్నారు.

మా పాపకి సొట్ట లేదు. ఆ ఫొటో బిందుది.

చెప్దామని నోరు తెరిచేను. నీ మీద నాకెప్పుడూ అనుమానం లేదు కుసుమా అన్నారు. నేనెప్పుడు అడిగేను? నోరు మూసుకున్నాను.

9 సెప్టెంబర్

వదిన్ని నిలదీసేను. మీ పాపవి అన్నీ చెదిరిపోయేయి, తీసేసేను, గౌను పంపేడు కదాని బిందుది ఒక్కటి పంపేను, వాడే పొరబడ్డాడు, నన్నేం చెయ్యమంటావు అంది. మరి చెప్పచ్చు కదా అన్నాను. పోనీలే, సంతోషంగా ఉన్నాడు, ఇప్పుడు కెలుక్కోవడం దేనికి అంది. తెలిసి చేసిందో తెలీక చేసిందో ఆ గణపతికే తెలియాలి. తమ్ముడి మనసు కష్టపెట్టకూడదుట. నాదీ ఒక మనసే, దాన్ని ఎవరు చూసేరు!

19 అక్టోబర్

ఇవాళ అద్భుతం జరిగింది. పాపకి ఏడాది నిండింది కదా, గులాబీ గౌను వేసి కాలవ గట్టుకి తీసుకెళ్ళేను. లేత ఎండ. పడవని చూసి ఒక్క క్షణం ఆగి, నాకేసి తిరిగి నవ్వింది. టక్కున నొక్కేను. నా డొక్కు ఫోన్‌లోనే! ముక్కు, కొత్తగా వచ్చిన పళ్ళు, కళ్ళు, అన్నీ తెలుస్తున్నాయి. ఆ కళ్ళు ఈయనవే. గుడ్డివాడైనా చెప్తాడు. అట్నుంచటే బస్సెక్కి రాజోలు వెళ్ళి పంపించేసేను. బాగా వచ్చిందండీ అన్నాడు లోవరాజు. అతనికి టీ ఇప్పించేను.

22 అక్టోబర్

ఫొటో చూసేరు. బిందు బాగా పెరిగిపోయిందే అన్నారు. కాస్త నలుపైనా కళ్ళు మాత్రం నావే, మేనమామ పోలిక వచ్చింది, అదృష్టవంతురాలని అక్కతో చెప్పు అన్నారు. మన పాపది పంపలేదేం అన్నారు.

ఆయ్, పంపుతానండి అన్నాను.

23 అక్టోబర్

ఏడుద్దామంటే నవ్వొస్తోంది. నవ్వితే అత్తయ్యగారు చూస్తున్నారు.

30 నవంబర్

వస్తున్నారుట, పన్నెండో తారీఖున. నాకూ ఐదు మెగాపిక్సెల్ ఫోన్ తెస్తున్నారుట. రాగానే ఆ సొట్ట మీద ముద్దు పెట్టుకోవాలి అన్నారు. ఇప్పుడు చెప్తే ఇన్నాళ్ళూ ఎందుకు దాచేవంటారు. చెప్పకపోతే గుమ్మంలోనే చూసి ఆగిపోతారు. ఎటు చూసినా దొంగని నేనే. నేనేం దొంగిలించేను? నా పిల్లకి దాని మొహం దానికి ఇప్పించాలనుకున్నాను, అంతే కదా!

12 డిసెంబర్, పొద్దున్న

కారు తాటిపాక దాటిందని ఫోన్ వచ్చింది. పాప ఎడం బుగ్గన, సొట్ట ఉండాల్సిన చోట, రూపాయి బిళ్ళంత దిష్టి చుక్క పెట్టేను. బావుందే అన్నారు అత్తయ్యగారు.

కొంగు తడిపి తుడిచేసేను. మొహం శుభ్రంగా ఉంది. వీధిలో హారన్ కొడుతున్నారు.