ఎవరికీ అక్కర్లేని తూటా

అక్టోబరు 3, 2020

ప్రియమైన రూడీకి,

ప్రియమైన అని అలవాటు కొద్దీ రాశాను. ఆ మాటకి నువ్వు తగుతావో లేదో ఇంకా తేలలేదు.

ఇవాళ పొద్దున తుపాకుల బీరువా తెరిచాను. నవంబరు పదిహేనున జింకల వేట మొదలు కదా, నాన్న తుపాకికి నూనె పెడదామనుకున్నాను. అది అక్కడ లేదు. దాని చోట ముక్కూ మొహం తెలియని ఒక బక్క తుపాకి నిలబడి ఉంది. గొట్టం మీద 244 అని చెక్కి ఉంది. నీకు ఫోన్ చేస్తే, నువ్వు వంట చేసే ఓడ ఒడ్డుకి దగ్గరగా ఉండి ఫోను అందిన ఆ కాసేపట్లో నువ్వన్నది ఇదీ: "మీ నాన్నది వైనోకి ఇచ్చేశానోయ్. దానికి తూటాలు దొరకవు. దీనికి దొరుకుతాయి. ఉత్తరం రాస్తాలే." అంతే, లైను పోయింది. పోయిందో, నువ్వే పెట్టేశావో నాకు అనుమానమే.

నాన్న తుపాకి మన పెళ్ళికి ముందు నుంచీ నాది. వైనో నా సొంత తమ్ముడే, కాదనను. కానీ నాన్న పోయిన నాటి నుంచీ వాడి కన్ను దాని మీదే. నన్ను ఒక్క మాట అడగాలని నీకు తోచలేదా? అడవి క్యాంపులో జింకల కోసం పొంచి కూర్చోవడానికి నాన్న కట్టిన మాటులో, వేట మొదటి రోజున నేను కూర్చోని ఏడాది లేదు. ఈసారి ఆ మాటు తన అల్లుడికి ఇద్దామని వైనో అప్పుడే అంటున్నాడు. "నీకు భుజం ఆపరేషన్ అయింది కదక్కా, క్యాంపులో ఉండి వంట చూసుకో, నీ వాటా మాంసం నీకు పంపుతాం" అని నాకే చెబుతున్నాడు. ఇప్పుడు తుపాకి కూడా వాడి ఇంటికే చేర్చావు. బాగుంది.

ప్రస్తుతానికి నీ భార్య,
ఎల్మా


అక్టోబరు 11

నా ఎల్మాకి,

తిట్లన్నీ అందాయి. తపాలా పడవవాడు ఉత్తరం చేతికిస్తూ "ఇది కాస్త వేడిగా ఉంది చూడు" అన్నాడు. కవరు మీద నా పేరు నువ్వు నొక్కి రాసిన తీరు చూసే అన్నట్టున్నాడు.

సంగతి చెబుతాను, కోపం తగ్గించుకుని విను. ఈ రోగం వచ్చాక జనం భయపడి తూటాలు ఎగబడి కొంటున్నారు. అందరి దగ్గరా ఉండేది మీ నాన్న తుపాకి రకమే, అదే థర్టీ-ఆట్-సిక్స్, లేకపోతే ఇంకో రెండు మూడు రకాలు. అందుకని అరల్లో ముందు ఖాళీ అయ్యేవి అవే. మన దగ్గర ఉన్నవి కూడా వేసవిలో గురి చూసుకుంటూ నేనే కాల్చేశాను, చెప్పడం మర్చిపోయాను. నా ఓడ వంటింట్లో చూస్తుంటాను కదా, ఆదివారం మాంసం వేపుడు పెడితే అందరూ ఆ పళ్ళెం మీదే పడతారు. ఆఖర్న వచ్చినవాడికి చారు కూడా మిగలదు. ఉడకబెట్టిన టర్నిప్ దుంప మాత్రం పెట్టింది పెట్టినట్టు ఉంటుంది. టర్నిప్ ఇష్టమైనవాడు ఏనాడూ ఆకలితో లేవలేదు. నీ చేతిలో ఉన్నది టర్నిప్ తుపాకి. దాని తూటా ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట నీకోసమే పడి ఉంటుంది.

ఈ రోగం వల్ల, వేసవి సెలవు అయి ఓడ ఎక్కాక మమ్మల్ని మళ్ళీ ఒడ్డుకి దిగనివ్వడం లేదు, లేకపోతే నేనే వెతికి తెచ్చేవాణ్ణి.

భుజం ఎలా ఉంది? నీ అక్షరాలు ప్రతి వరుసలోనూ కిందికి జారుతున్నాయి. నొప్పిగా ఉందా?

నీ రూడీ


అక్టోబరు 20

ప్రియమైన టర్నిప్ పండితుడికి,

భుజం బాగానే ఉంది. బల్ల ఒంకరగా ఉంది. కాలు కింద అట్టముక్క పెట్టమని నీకు ఎన్నిసార్లు చెప్పాను?

ఇక నీ సిద్ధాంతం సంగతి. ఊళ్ళో ఉన్న దుకాణాలు అయ్యాయి, పక్క ఊరివి అయ్యాయి, సరస్సు అవతల పెద్ద దుకాణం కూడా అయింది. "టూ-ఫార్టీ-ఫోర్ ఉందా?" అంటే అందరూ నన్ను జాలిగా చూస్తున్నారు. ఒక కుర్రవాడైతే "అందరూ కొనే టూ-ఫార్టీ-త్రీ అనబోయి అలా అన్నారేమో, అది కూడా లేదండి" అన్నాడు. నాకు లెక్కలు రావని వాడి ఉద్దేశం.

చివరికి ఊరి బయట ఉన్న హర్బ్ తుపాకుల దుకాణానికి వెళ్ళాను. తూటాల గోడ మొత్తం బోడిగా ఉంది రూడీ. చూస్తే దిగులేసింది. ఎడమ పక్క అరలో సిక్స్ ఎమ్మెమ్ రెమింగ్టన్ అని రాసి ఉన్న రెండు పాత డబ్బాలు తప్ప ఏమీ లేవు. వాటి మీద హర్బ్ తన రేడియో పెట్టుకున్నాడు, ఆ ఎత్తులోనే స్టేషను సరిగ్గా పలుకుతుందట. నాకు కావలసింది చెబితే, "ఆ పేరు నేను పుట్టాక వినలేదమ్మా ఎల్మా. ఎవరు అంటగట్టారు నీకు?" అన్నాడు. మా ఆయన అన్నాను. "వంటవాడు కదూ" అన్నాడు. అని అదోలా మొహం పెట్టాడు. ఆ మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండింది.

నీ తెలివికి ఒక ప్రశ్న. మాంసానికే గిరాకీ పెరిగి వంటవాడు పొద్దస్తమానం వేపుడే చేస్తుంటే, టర్నిప్ ఎవడు ఉడకబెడతాడు? ఫ్యాక్టరీలో అందరూ అడిగే తూటాలు చెయ్యడానికే తీరిక లేదట. నీ బక్కదానికి ఎవడు చేస్తాడు? అరలో మిగిలి ఉంటే ఉన్నట్టు, లేకపోతే ఇక రానట్టే. ఇది హర్బ్ చెప్పలేదు, దారిలో బండి నడుపుతూ నేనే ఆలోచించాను.

వైనో దగ్గరికి వెళ్ళి నాన్న తుపాకి తెచ్చుకుంటాను.

ఎల్మా


అక్టోబరు 28

నా ఎల్మాకి,

దయచేసి వైనో దగ్గరికి వెళ్ళకు. ఇచ్చిన వస్తువు తిరిగి అడిగితే నా మర్యాద ఏం కావాలి? పైగా దానికి తూటాలు లేవు కదా, తెచ్చుకుని ఏం చేస్తావు?

నీ ప్రశ్న చదివి ఓడలో ఇద్దరు ముగ్గురికి వినిపించాను. అందరూ నీ పక్షమే. ఇక్కడ వేటకి వెళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరినే అడుగుతున్నాను. ఎవరి దగ్గరో ఒకరి దగ్గర దొరక్కపోదు.

ఒకవేళ దొరక్కపోతే, ఈ ఒక్క ఏడాదికి ఊరుకుంటే ఏమవుతుంది చెప్పు? వైనో మాంసం పంపుతానన్నాడు కదా. నువ్వు మాంసమూ టర్నిప్పూ కూరి కాల్చే పాస్టీల్లోకి సరిపోతుంది. నువ్వు వెచ్చగా ఇంట్లో కూర్చో.

భుజం మాట మళ్ళీ అడుగుతున్నాను. ఈసారైనా బల్ల మాట ఎత్తకుండా జవాబు రాయి.

నీ రూడీ


నవంబరు 4

రూడీ,

ఊరుకుంటే ఏమవుతుందా? ఈ ఏడాది ఊరుకుంటే వచ్చే ఏడాది ఆ మాటులో వైనో అల్లుడు కాలు చాపుకుని కూర్చుంటాడు. ఆ పై ఏడాది నన్ను పిలవడం కూడా మానేస్తారు. అత్తయ్య పెద్దదైపోయింది, చలికి తట్టుకోలేదు అంటారు. నేను కాఫీ కాచి, వాళ్ళ ఆవిరి స్నానానికి సావునా గది వేడి చేసి, వాళ్ళు తెచ్చిన జింకల్ని మెచ్చుకుంటూ కూర్చోవాలి. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వేట నేర్పింది ఇందుకు కాదు.

నువ్వు కూడా నన్ను ఇంట్లో కూర్చోమంటావనుకోలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. తూటాల సంగతి తర్వాత.

బల్ల ఒంకరగానే ఉంది.

ఎల్మా


నవంబరు 8

ఎల్మా, ఎల్మా,

నీ భర్త గాడిద. ఈ మాట మా ఓడ రెండో ఇంజనీరు డోయల్ అన్నాడు, నేను ఒప్పుకున్నాను.

ఇవాళ వాడికి కాఫీ పోస్తూ నీ గోడు చెప్పాను. హర్బ్ రేడియో సంగతి కూడా చెప్పాను. వాడు నవ్వు ఆపుకోలేక కప్పు కింద పెట్టాడు. టూ-ఫార్టీ-ఫోర్, సిక్స్ ఎమ్మెమ్ రెమింగ్టన్, రెండూ ఒకటేనట! ఎప్పుడో మన చిన్నప్పుడు ఆ తూటా సరిగ్గా అమ్ముడుపోక కంపెనీవాళ్ళు పేరు మార్చారట. తుపాకి పాతది కాబట్టి దాని మీద పాత పేరుంది. డబ్బా మీద కొత్త పేరుంది. నువ్వు నెల రోజులుగా వెతుకుతున్నవి ఆ రేడియో కిందే ఉన్నాయి.

కానీ జాగ్రత్త. సిక్స్ ఎమ్మెమ్ అనే మాటతో వేరే తూటాలు కూడా ఉన్నాయట. డబ్బా మీద ఆ పేరు పూర్తిగా, అక్షరం తేడా లేకుండా ఉంటేనే తీసుకో. ముందు అట్టపెట్టె మీద కాల్చి గురి సరిచూసుకో.

పడవ వచ్చేసింది, కవరు అంటిస్తున్నాను. కిందటి ఉత్తరంలో ఇంట్లో కూర్చోమన్నందుకు క్షమించు. ఆ మాట రాసి పంపాక రెండు పూటలు నా వంట నాకే రుచించలేదు. వెళ్ళు, మాటులో కూర్చో.

రూడీ


నవంబరు 17

ప్రియమైన రూడీకి,

నీ ఉత్తరం వేటకి ముందు రోజు చేరింది. కోటు గుండీలు దారిలో పెట్టుకుంటూ హర్బ్ దగ్గరికి పరిగెత్తాను.

"ఆ రేడియో ఎత్తు" అన్నాను.

"ఎందుకమ్మా? పాట వస్తోంది."

"దాని కిందివి నాకు కావాలి."

"ఇవి సిక్స్ ఎమ్మెమ్ కదా. నువ్వడిగింది ఇంకేదో!"

రెండూ ఒకటేనన్నాను. ఎవరన్నారన్నాడు. మా ఆయన అన్నాను. మళ్ళీ అదే మొహం పెట్టాడు. కళ్ళద్దాలు తగిలించుకుని, గల్లా వెనక నుంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, చాలాసేపు చదివాడు. తర్వాత పుస్తకం మూసి మెల్లగా అన్నాడు: "ఇన్నేళ్ళుగా దుకాణం పెట్టుకుని కూర్చున్నాను. ఈ సంగతి నువ్వు ఎక్కడా అనకు తల్లీ." అననని మాటిచ్చాను. నీకు రాయడం అనడం కిందికి రాదు.

డబ్బాలు వైనో మొహాన చూపించాలని తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. వాడు షెడ్డులో ఉన్నాడు. నన్ను చూడగానే ఒక టార్పాలిన్ గబగబా సర్దాడు. నేను దాన్ని లాగాను. కింద థర్టీ-ఆట్-సిక్స్ డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. ఊరంతా లేవు లేవు అని ఏడుస్తున్న తూటాలు. ప్రతి డబ్బా మీదా కొన్న ఏడాది నల్ల సిరాతో రాసి ఉంది. జాం సీసాల మీదా, మాంసం పొట్లాల మీదా అలా రాసేది ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

"ఇవి నావి" అన్నాను.

"బావ చెప్పొద్దన్నాడక్కా."

"వేసవిలో కాల్చేశానని నాకు రాశాడు!"

"కాల్చలేదు. రెండు విడతలుగా బండిలో తెచ్చి ఇక్కడ దాచాడు. నాన్న తుపాకి నాకు ఇవ్వనూ లేదు, దాచమన్నాడు అంతే. డాక్టరు ఏమన్నాడో నీకు తెలుసుగా. ఆ తుపాకి పేలినప్పుడు వెనక్కి వచ్చి ఆ భుజాన్ని తన్నిందంటే చెయ్యి మళ్ళీ లేవదని. నీకు చెబితే వింటావా? పంతానికి దాంతోనే వెళతావు. మెత్తగా తన్నే తుపాకి ఏదని ఎండాకాలమంతా వెతికి అది కొన్నాడు. వంటమ్మగా ఉండమని నేను అన్నది కూడా ఆయన పోరు పడలేకే. దానికి తూటాలు దొరకడం లేదని తెలిశాక ఆ పోరు ఇంకా ఎక్కువైంది, ఎలాగైనా అక్కని ఆపు అని నా ప్రాణం తీశాడు."

నాకు వచ్చిన కోపానికి షెడ్డు కప్పు లేవాలి. డాక్టరు మాట విన్నది నువ్వూ నేనూ ఇద్దరమూ. బండిలో ఇంటికి వస్తూ ఇద్దరమూ ఎత్తలేదు. నేను ఎత్తలేదు కాబట్టి నువ్వూ ఎత్తవా? దానికి బదులు దేశంలో తూటాల కరువు గురించి సిద్ధాంతం అల్లి, టర్నిప్‌లు ఉడకబెట్టి, ఉన్న తూటాలు దాచేసి, లేని తూటాల కోసం నన్ను ఊరూరా తిప్పుతావా! ఇంతా చేసి ఆ తూటా పేరైనా కనుక్కోలేదు. నీ లాంటి మనిషితో కాపురం ఎలా చేశానో నాకే తెలియదు.

వైనో చెప్పినట్టే చేశాను, అంటే పంతానికి పోయాను. నాన్న తుపాకి తీసుకుని కంకర గుంట దగ్గరికి వెళ్ళి ఒక్కటి కాల్చాను. ఆ తర్వాత బండి వెనక పలక మీద కూర్చుండిపోయాను. ఫ్లాస్కు మూత తిప్పడానికి చెయ్యి రాలేదు. వైనో చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. పాపం మంచివాడే. కాసేపయ్యాక హర్బ్ డబ్బా విప్పి నీ బక్కదాన్ని తీశాను. పళ్ళు బిగించి కాల్చాను. తన్ను కోసం ఎదురు చూశాను. ఎవరో భుజం మీద చెయ్యి వేసి తీసేసినట్టుంది, అంతే. అట్టపెట్టెకి సరిగ్గా నడుమ చిల్లు పడింది. అప్పుడు ఏడుపొచ్చింది. వైనో వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

మొన్న పొద్దున నాన్న మాటులో నేనే కూర్చున్నాను. తెల్లవారాక దేవదారు చెట్ల పక్క నుంచి మంచి కొమ్ముల జింక వచ్చింది. ఒక్క తూటాతో పడింది. వైనో అల్లుడికి కొత్త ఫ్యాషన్ తుపాకి ఉంది కానీ దానికి తూటాలు ఈ రాష్ట్రంలోనే లేవట, పాపం దిగాలుగా కూర్చున్నాడు. నాన్న తుపాకి, నా తూటాలు వాడి చేతిలో పెట్టాను. "ఇచ్చేయడం కాదు, వాడుకోవడానికి ఇవ్వడం. తేడా తెలుసుకో" అన్నాను. వంట వైనో చేశాడు. తినలేకపోయాం.

మాంసం పొట్లాలు కట్టి ఏడాది రాసి ఫ్రీజరులో పెట్టాను. నీకోసం పాస్టీలు కూడా. టర్నిప్ ఎక్కువ వేశాను, అన్నీ నువ్వే తినాలి.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలో అడిగినదానికి జవాబు. నొప్పిగా ఉంది రూడీ. ఆపరేషన్ నాటి నుంచీ ఉంది. బల్ల ఒంకర ఏమీ లేదు, అట్టముక్క నువ్వు నిరుడే పెట్టావు. కుడి మోచేతిని ఎడమచేత్తో పట్టుకుని రాస్తున్నాను, అందుకే వరుసలు జారుతున్నాయి. ఇంకెప్పుడూ నాకు సిద్ధాంతాలు చెప్పకు. భుజం నొప్పా అని అడుగు, నేను అవునంటాను.

పైన ప్రియమైన అని రాసింది ఈసారి అలవాటు కొద్దీ కాదు.

నీ ఎల్మా