బాప్తిస్మం లేని ఢోలక్

చందానగర్,
11 నవంబరు 2025, మంగళవారం.

గౌరవనీయులైన అయ్యగారికి, అమ్మగారికి,

భాస్కర్ రాసుకునే విన్నపం. వందనాలు అని మొదలుపెట్టాలో, నమస్కారం అని మొదలుపెట్టాలో తేలక రెండు కాగితాలు చించాను. మీరు ఎలా తీసుకుంటే అలాగే. మేమిద్దరం బాగానే ఉన్నాం. రజితకు హౌస్‌కీపింగ్ షిఫ్టు మారింది, ఇప్పుడు పొద్దున ఆరింటికల్లా హైటెక్ సిటీలో ఉండాలి. అమ్మగారి మోకాళ్ల నొప్పి తగ్గిందని తనే చెప్పింది, సంతోషం.

ఐదు ఆదివారాలుగా నేను ఆరాధనకు రావడం లేదు. మీరు రెండుసార్లు ఫోన్ చేస్తే, క్యాబ్ నడుపుతున్నాడని రజితతో చెప్పించాను. ఎదురుగా నిలబడి చెప్పలేక ఇలా రాస్తున్నాను.

మీరు నన్ను నొప్పించే మాట ఏదీ అనలేదు. నేను చివరిసారి వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, ఆరేళ్లుగా మన పాటలకు ఢోలక్ వాయిస్తున్నావు, క్రిస్మస్ లోపల బాప్తిస్మం తీసుకుంటే బాగుంటుంది అని మెల్లగా చెప్పారు. దైవసహాయం గారు మాత్రం సంఘపెద్దగా ఉన్నమాట అనేశారు. “స్టేజీ ఎక్కేవాళ్లు సంఘంలో సభ్యులై ఉండాలి కదండీ భాస్కర్ గారూ. రేపు ఎవరైనా అడిగితే మేమేం చెప్పాలండి?” అన్నారు. ఆయన అడిగిందీ న్యాయమే. మా నాన్న ఒప్పుకోడని చెప్పి తప్పించుకున్నాను. మల్లన్న కొలుపుల్లో పట్నాలు వేసేటప్పుడు డోలు వాయించే ఇల్లు మాది, కులపోళ్లు ఊరుకోరని కూడా అన్నాను. మీరు నా భుజం మీద చెయ్యి వేసి, తొందరలేదు, ప్రార్థన చేద్దాం అన్నారు. మీరు కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

తరువాతి ఆదివారం రజితను మన ప్రార్థన షెడ్డు ముందు దింపి, లోపలికి రాకుండానే బండి తిప్పాను. అప్పుడే పాట ఎత్తుకున్నారు. ఎవరో చప్పట్లతో తాళం వేస్తున్నారు. రెండో చరణానికి పాట పరుగందుకుంది. అది విన్నప్పటినుంచీ నా చేతులు ఊరుకోవడం లేదు. సిగ్నల్ దగ్గర, ఫ్లైఓవర్ మీద, ఎక్కడ ఆగినా స్టీరింగ్ మీద వేళ్లు ఆడుతూనే ఉన్నాయి. తెల్లాపూర్‌లో ఎక్కిన ఒక మేడమ్, “అన్నా, జర ఆ చప్పుడు ఆపుతవా, నేను కాల్‌ల ఉన్న” అన్నది. ఆపాను. రెండు నిమిషాలకు మళ్లీ మొదలైంది. ఆమె దిగి, తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయింది.

ఇంట్లోనూ అంతే. అన్నం ముందు కూర్చుని కంచం మీద కొడుతుంటే రజిత చెయ్యి పట్టుకుని, “ఏందయ్యా గీ పరేషాన్? పోతే పో, లేకుంటే ఇడిసిపెట్టు” అన్నది. రెండూ నా వల్ల కాలేదు.

మూడో వారం కొండాపూర్‌లో మా ఊరి రాజేందర్ వాళ్ల భజన మండలికి వెళ్లాను. చిన్నప్పటినుంచి తెలిసిన పాటలే. ప్రేమగా చూసుకున్నారు, పులిహోర పెట్టారు, ప్రతి శనివారం రమ్మన్నారు. ఒక్క దెబ్బ తప్పలేదు. కానీ తిరిగి వస్తూ బండి పక్కకు ఆపి, దారి తప్పినవాడిలా చాలాసేపు కూర్చున్నాను. అక్కడ దేవుడు లేడని కాదు అయ్యగారూ. అక్కడ నాకు ఆయనతో పని పడలేదు, అంతే.

ఇక బాలమ్మ సంగతి. రజితతో పాటు ఆఫీసులు ఊడ్చే బాలమ్మే మమ్మల్ని మొదట మీ దగ్గరికి తెచ్చింది. పోయిన గురువారం ఆమెకు కడుపులో గడ్డ ఆపరేషన్ అయింది. మీరు ఒంగోలు సభలకు వెళ్లారు. రజితకు సెలవు దొరక్క నన్ను ఆసుపత్రికి పంపింది. బాలమ్మను లోపలికి తీసుకుపోవడానికి ఇంకా పావుగంట ఉంది.

“బిడ్డా, అయ్యగారు ఊర్లె లేడు. నువ్వే జర ప్రార్థన చెయ్యి” అన్నది.

నాకు రాదమ్మా, నేను సంఘంలో లేను కదా అన్నాను.

“గదంత నాకెందుకు? నీకు వచ్చిందే చెయ్యి” అని కళ్లు మూసుకుంది.

నాకు వచ్చింది ఒక్కటే. మంచం పక్కన మందులు పెట్టే ఇనుప బల్ల ఉంటే దాని మీద మెల్లగా మొదలుపెట్టాను. ఆమె గొంతు కలిపింది. మీకు తెలుసు కదా, ఆమె పాట ఎప్పుడూ తాళం కంటే ముందు ఉరుకుతుంది. ఈసారి ఆమెను ఆపలేదు, ఆమె వెంటే నేను పోయాను. అరవడానికి వచ్చిన నర్సమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. స్ట్రెచర్ వచ్చింది. బాలమ్మ ఆమేన్ అని, “ఇగ పోతా” అన్నది. బయట రెండు గంటలు ఒక్కచోట కూర్చోలేదు నేను. ఆ కారిడార్‌లో ఎన్నిసార్లు తిరిగానో.

ఆపరేషన్ మంచిగా జరిగింది. నిన్నటినుంచి జావ తాగుతోంది, ఉప్పు లేదని గొడవ పెడుతోంది.

అందుకే ఈ విన్నపం. నేను స్టేజీ ఎక్కను. కింద చాప మీద, వాకిలి దగ్గర కూర్చుని వాయిస్తాను. దైవసహాయం గారికి ఇబ్బంది ఉండదు. బాప్తిస్మం ఎప్పుడని మాత్రం ఇప్పుడే అడగకండి. కాదంటే కాదని రజితతో చెప్పి పంపండి, మనసులో ఏమీ పెట్టుకోను.

పిల్లలకు నేను అడిగానని చెప్పండి.

ఇట్లు,
మీ మాట కోసం చూస్తూ,
భాస్కర్.

తా.క.: మా నాన్న గురించి చెప్పింది అబద్ధం. ఫోన్‌లో అడిగితే, “నీకు మంచిగనిపిస్తే మునుగురా, మల్లన్న ఏమనుకోడు” అన్నాడు. మాకు పాప పుట్టి మూడు రోజులుండి పోయిన సంగతి రజిత మీతో చెప్పే ఉంటుంది. ఆమె ఏడ్వడానికి మీ దగ్గరికి వచ్చింది. నేను ఆ దేవుడితో కొట్లాడడానికి వచ్చాను. ఈ ఆరేళ్లు మీరు భక్తి అనుకున్న ప్రతి దెబ్బా, పాపను ఎందుకు తీసుకున్నవని ఆయన్ని నిలదీసిందే. నీళ్లలో దిగితే రాజీపడినట్టు అవుతుందని దిగలేదు. గురువారం బాలమ్మ పక్కన మొదటిసారి ఆ సంగతి మరిచిపోయి, ఈమెనన్నా ఉంచు అని బతిమాలాను. ఉంచాడు. ఇప్పుడు ఆయనతో ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు.