మంత్రిగారికి పెట్టిన దణ్ణం

1987 మాఘం, ఆదివారం రాత్రి

తెల్లదోమ తినగా మిగిలిన పత్తిని కొనే దిక్కు లేదు. కొనుగోలు కేంద్రం మూసేశారు. అది తెరవకపోతే ఎడ్లను అమ్మేస్తానన్నాడు మా తమ్ముడి కొడుకు సాంబయ్య. ఇవాళ సభకు మంత్రిగారు వస్తే అడగమని ఊరివాళ్లు నన్నే ముందు కూర్చోబెట్టారు.

"నువ్వు అరవవు పెదనాన్నా, నీ మాటైతే వింటారు" అన్నాడు వాడు.

ఆయన గంటసేపు విదేశీ హస్తం గురించే మాట్లాడారు. ధరలు పెరిగినా, పంట పోయినా అంతా బయటివాళ్ల కుట్రేనట. పత్తి మాటే ఎత్తలేదు. నేను లేచాను. పెద్దవాళ్లను ఏదన్నా అడిగేముందు దణ్ణం పెట్టడం మన అలవాటు, చేతులు జోడించాను. ఆయన వెంటనే మైకులో, "చూశారా, పెద్దాయన మమ్మల్ని దీవిస్తున్నారు!" అన్నారు. ఒకటే చప్పట్లు. నా మెళ్లో దండ వేసి, కారెక్కి వెళ్లిపోయారు. అడగాల్సింది అడక్కుండానే, ఆ దండతోనే ఇంటిదారి పట్టాను.

దారిలో ఎవరో, "ఏం తాతా, మంత్రివైపోయావా?" అన్నారు. అందరూ నవ్వారు. సాంబయ్య నవ్వలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

బేరగాడు పొద్దున్నే వస్తాడట. ఎడ్లను ఇవ్వొద్దురా అని ఏ మొహం పెట్టుకుని చెప్పను?