సీమంతానికి చందువా రాదు

బావగారికి,

ఫోనులో అయితే మీరు నన్ను మాట్లాడనివ్వరని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ కోడలు, మా దుర్గాశ్రీ సీమంతానికి సారె కావిళ్ళలో సున్నుండలు, కాజాలు అన్నీ వస్తాయి గానీ, మీరడిగిన చందువా చేప మాత్రం రాదు. సముద్రంలో వేట నిషేధం జూన్ పద్నాలుగు దాకా ఉంది.

నిరుడు ఇవే రోజుల్లో మీ మాట తీసెయ్యలేక, ఇంకో పదిమందితో కలిసి దొంగచాటుగా బోటు తీశాను. తెచ్చిన ప్రతి చేపా గుడ్లతోనే ఉంది. మీరు లొట్టలేసుకుంటూ తిన్నారు. తీరా వేట తెరిచాక మూడు నెలలు మా వలల్లో నాచే పడింది.

ఈసారి వేట తెరవగానే మొదటి చందువా మీ ఇంటికే.

కడుపుతో ఉందని మా పిల్లని చెంబెడు నీళ్ళు కూడా మొయ్యనివ్వడం లేదట మీరు. అంత మనసున్న మీరు, దాని సీమంతానికి గుడ్లతో ఉన్న చేపని పట్టుకు రమ్మంటే ఎలా?

మీ బావ,
యానాం