మేడ మీద సుమ్‌సుమ్ షికారు

రిహాబ్, నీ చుక్కల బల్లి సుమ్‌సుమ్ పెట్టెలో క్షేమంగా ఉంది. ఇవాళ మళ్ళీ బయటికి తీయకు, నిన్ననే షికారు తిప్పాను. అవును, నేనే. మక్లూబా పొయ్యి మీద ఉంది, వేడి చేసుకుని తిను. బల్లిని ముట్టుకుంటే తినేముందు చేతులు కడుక్కో.

నువ్వు అకబా వెళ్తూ చెప్పినట్టే అంతా చేశాను. ఎండ తగ్గాక, గచ్చు ఇంకా వెచ్చగా ఉండగా, లోతైన బట్టల టబ్బులో పెట్టి మేడ మీదికి తీసుకెళ్ళాను. తోక పట్టుకోలేదు. పిల్లులు రాకుండా పక్కనే కూర్చున్నాను.

అంతలో పక్క మేడ మీంచి ఉమ్ ఖల్దూన్ చూసింది. "జరుగక్కా, బల్లి. ఒక్క దెబ్బకి చంపితే పుణ్యం ఎక్కువని హదీసులో ఉంది" అంటూ చెప్పు విసిరింది. నేను టబ్బుకి అడ్డం పడ్డాను. దెబ్బ నా వీపుకి తగిలింది. "ఇది మా ఇంటి పిల్ల. ఆ రెండోది కూడా విసురు, నాకు జత అవుతుంది" అన్నాను. ఒంటి చెప్పుతో కిందికి దిగిపోయింది.

నిరుడు నేనూ సుమ్‌సుమ్ మీద చెప్పెత్తానని ఇక నన్ను దెప్పొద్దు.

నన్ను జర్కా తీసుకెళ్ళే కారు వచ్చి హారన్ కొడుతోంది.

నానమ్మ

మర్చిపోయాను. ఆ చెప్పు మేడ గట్టు మీదే ఉంది. ఉమ్ ఖల్దూన్ అడగడానికొస్తే ఇవ్వు, కానీ ముందు సుమ్‌సుమ్‌కి నీ డబ్బాలోని పురుగొకటి తన చేత్తో తినిపించమను. నేను రెండు తినిపించాను, నాకేం కాలేదు.