రెండు బొండాలు

కాశీబుగ్గ, పలాస
14 జూన్ 2025, శనివారం

చిరంజీవి భానుకు,

మీ అమ్మ నూకరత్నం దీవించి రాసేది. ఉత్తరం అంటే ముందు మేమంతా క్షేమం అని రాసి, ఆ తరవాతే మీ క్షేమం అడగాలని మా ఏడో తరగతి మాష్టారు నేర్పారు. నా చదువు ఆ క్లాసుతోనే ఆగిపోయింది గనక ఆ పద్ధతి ఇంకా మరిచిపోలేదు. కానీ ఈసారి ఆ మొదటి ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. ఒట్టి దీవెనతో సరిపెట్టుకో.

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ఫోనులో నేనేం చెప్పినా నువ్వు నవ్వేస్తావు. తప్పు నీది కాదు. కౌలాలంపూర్‌లో విమానం దిగి, నీకు ఫోను చేసి, నన్ను సింగపూర్‌లో దింపేశారు, ఇక్కడెవరో జపాను బస్సెక్కమంటున్నారు అని చెప్పి, నువ్వు ఏడుపు గొంతుతో పోలీసును వెతుక్కుంటుంటే అద్దం ఇవతల నిలబడి చూసి నవ్వినదాన్ని. జీడి ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ వైకుంఠరావు గారి ప్లేటులో సుద్దముక్క చెక్కి చేసిన జీడిపప్పు కలిపి, ఆయన పన్ను కదిలించినదాన్ని. అలాంటి మనిషి నిజం చెబితే ఎవరు నమ్ముతారు? కాగితమైతే మధ్యలో కట్ చెయ్యలేవు. మీ ఆఫీసులో పనిచేసే టెక్కలి అబ్బాయి కార్తికేయ సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడంటే, కిలో జీడిపప్పు ప్యాకెట్టుతో పాటు ఇది కూడా ఇచ్చాను. ప్యాకెట్టు అడుగున ఇంకో చిన్న కవరు ఉంది. ఉత్తరం మొత్తం చదివాకే దాన్ని విప్పు.

అసలు సంగతి ముందే రాసేస్తున్నాను. ఈ నెలాఖరులోగా నువ్వు సెలవు పెట్టి ఇంటికి రావాలి. పండగ కాదు, పెళ్ళిచూపులు కాదు. ఎందుకో రాస్తాను గానీ, ఆ మాట దగ్గరకు నన్ను కాస్త నడిచి రానీ. తిన్నగా వెళ్ళి తలుపు తట్టే ధైర్యం నాకు లేదు.

మే నెలలో నీ దగ్గరకు వచ్చినప్పుడు నువ్వు చూపించిన ఆ బజార్లన్నీ రోజూ కళ్ళలో మెదులుతున్నాయి. పగలు పప్పు గ్రేడు చేస్తూ ఉంటాను, చేతులు పలాసలో ఉంటాయి, కాళ్ళు మాత్రం చౌకిట్ బజారు తడినేల మీద జారుతూ ఉంటాయి. మొదటి ఆదివారం గుర్తుందా? ఒక ముసలమ్మ ఆకుకూరల మధ్య జీడిచిగుళ్ళు కట్టలు కట్టి పెట్టుకుంది. నేను అక్కడే కూలబడి నవ్వాను. మన తోటలో మేకలు కూడా మూతి తిప్పుకునే ఆకును ఇక్కడి మనుషులు అన్నంలో పచ్చిగా నంజుకుంటారని నువ్వు చెబితే నమ్మలేదు. ఆ ముసలమ్మ ఒక చిగురు తుంచి నా నోట్లో పెట్టింది. వగరుకు నాలుక మడతపడింది. కానీ ఆ వాసన, భానూ, తిత్లీ తుపానుకు పడిపోయిన మన తోట వాసన. ఏడేళ్ళ తరవాత సముద్రానికి అవతల నా నోట్లో పడింది. నేను కళ్ళు తుడుచుకుంటే కారం తగిలిందా అని అడిగావు. అవునన్నాను. చిగురులో కారం ఎక్కడుంటుందే?

జీడిపప్పు కొట్టు దగ్గర నీ పరువు తీశానని రెండు రోజులు మాట్లాడలేదు. నేనేం చేశాను? వాడు గుండుపప్పు, ఒక్కటీ విరగనిది, అని చెప్పి అమ్ముతున్నదాంట్లో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఇది పెద్దది, ఇది చిన్నది, ఇది బద్ద అని విడదీసి మూడు కుప్పలు పోశాను. ఇరవై ఆరేళ్ళు చేసిన పని, చేతులు ఊరుకుంటాయా? వాడికి కోపం వస్తుందనుకుంటే, చేతులు జోడించి స్టూలు వేశాడు. నువ్వేమో ఎర్రగా కందిపోయి దుంపల కొట్టు చాటుకు వెళ్ళిపోయావు.

ఆ తరవాత ఎండుచేపల వరస. చిన్నప్పుడు మన రేవులో ఎండబెట్టిన చేపను నువ్వు దొంగతనంగా తిని దొరికిపోయేదానివి. అక్కడ గుట్టలు గుట్టలుగా ఉన్నాయి, వేలంత చేప నుంచి చేటంత చేప దాకా. నువ్వు ముక్కు పక్కకి తిప్పుకుని నడిచావు. దొరసానివైపోయావని వెక్కిరించాను. ఆ వెక్కిరింత ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇక గౌరీశ్వరి. ఆవిడను నేను చచ్చేదాకా మరిచిపోను. కొబ్బరిబొండాల బండి దగ్గర నా మాట విని, కత్తి ఆపి, తల ఎత్తి చూసింది. వాళ్ళ ముత్తాత బారువ వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటలకు వచ్చాడట. నాలుగు తరాలైనా నోట్లో మన మాటే. డబ్బులు తీసుకోనని ఒట్టు పెట్టి రెండు బొండాలు కొట్టి ఇచ్చింది. నువ్వు చెయ్యి చాపలేదు.

“అమా, నాకొద్దు. జలుబు సేసింది” అన్నావు.

“ఉద్దానం గుంటకి బొండం ఒద్దేటి? ఇదేటి సిత్రమమ్మా” అంది ఆవిడ, నవ్వుతూనే. కానీ ఆ మొహం చిన్నబోయింది. పుట్టింటి వాళ్ళు వచ్చి, తను ఇచ్చుకున్నది కాదన్నట్టు. అందుకని నీ బొండం కూడా నేనే ఎత్తి, రెండూ గటగటా తాగి, మూతి తుడుచుకుని, మా అమ్మాయి వాటా కూడా నా కడుపులోకే పోయింది, లెక్క సరిపోయిందని చెప్పాను. అప్పుడు నవ్వింది.

ఆఖరి నాలుగు రోజులూ నేను ఏ అల్లరీ చెయ్యలేదు. నువ్వే కనిపెట్టి, “అమా, ఈమజ్జ సక్కగున్నావు, ఒంట్లో బాలేదేటి?” అని అడిగావు. పెటాలింగ్ వీధిలో నీ పక్కన నడవకుండా వెనక నడుస్తున్నానని, తప్పిపోతే ఎక్కడ వెతకాలని కసిరావు. వెనక ఎందుకు నడిచానో ఇప్పుడు చెబుతాను. కానీ ముందు మీ నాన్న సంగతి రాయాలి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

మీ నాన్న ఒక రోజు తోట నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని, “రత్నం, కాళ్ళు పొంగుతన్నాయే, సూడు” అన్నాడు. నేను చూడలేదు. “కొత్త సెప్పులు కొనిపించుకోడానికి ఏసాలేత్తన్నావేటి” అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు తరవాత మళ్ళీ చెప్పలేదు. బొండం కోసి ఇస్తే కడుపు నిండిందన్నాడు. నేను అదీ పట్టించుకోలేదు. రక్తపరీక్ష కాగితం ధాన్యం బస్తాల వెనక దాచి ఏడాది తిరిగాడు. మన ఊళ్ళో మనిషి మనిషికి ఎదురుపడితే బాగున్నావా అని కాదు, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే ఆ క్రియాటినిన్ ఎన్ని పాయింట్లు అని అడిగే రోజులవి. అలాంటి ఊళ్ళో ఉండి కూడా నాకు తెలియలేదు. తెలిసేసరికి పాయింట్లు తొమ్మిది దాటాయి. ఆ తరవాత వారానికి మూడు సార్లు ఆటోలో డయాలసిస్‌కు తీసుకెళ్ళడం, గ్లాసుతో కొలిచి నీళ్ళు ఇవ్వడం, కూర ముక్కల్ని నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వండడం, చుట్టూ కొబ్బరిచెట్లే ఉండి, బొండం నీళ్ళు కిడ్నీకి చేటని ఆయన ఒక్క చుక్క తాగలేకపోవడం, అదంతా నువ్వూ చూశావు. నువ్వు చూడనిది ఆ అరుగు మీద మాట. నా వేళాకోళం ఆయన నోరు మూయించింది. ముందే తెలిస్తే బతికేవాడా అంటే నాకు తెలియదు. ఇంకొన్నేళ్ళు ఉండేవాడని మాత్రం ఆసుపత్రి డాక్టరమ్మ అప్పుడే చెప్పింది.

అందుకే నేను ఆయనలా దాచదలుచుకోలేదు. రాసేస్తున్నాను. అక్కడి నుంచి వచ్చిన వారానికే పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళి రక్తం ఇచ్చాను. క్రియాటినిన్ రెండు పాయింట్ నాలుగు. ఇదే సంగతి. నెలాఖరులోగా రమ్మన్నది ఇందుకే.

ఈ ముక్క చదివి అక్కడే కూర్చుండిపోతావని తెలుసు. నాకు ఒక్కదాన్నే అక్కడికి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చోవాలంటే భయంగా ఉంది. మీ నాన్న కూర్చున్న బెంచీ అది. పక్కన నువ్వు ఉంటే చాలు. ఉద్యోగం మానమనడం లేదు. పదిహేను రోజులు సెలవు పెట్టు. డాక్టరమ్మ ఏం చెబుతుందో ఇద్దరం కలిసి విందాం. తరవాత నీ ఇష్టం, నీ ఓడల కంపెనీ ఇష్టం.

జలుబు తగ్గిందనే అనుకుంటున్నాను.

ఎప్పుడూ నిన్ను ఏడిపించే
మీ అమ్మ
నూకరత్నం

తాజాకలం: లేచి ఫోను తియ్యకు. ఇంకో అరపేజీ ఉంది.

రెండు పాయింట్ నాలుగు నాది కాదు. నీది.

పెటాలింగ్ వీధిలో నీకు తెలియకుండా ఒక రబ్బరు బొద్దింకను కొన్నాను. నిన్ను అరిపించాలని, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీశాను. లోపల అరలో మడతపెట్టిన కాగితం తగిలింది. ఇంగ్లీషులో నా పేరు నేను రాయలేను. కానీ క్రియాటినిన్ అనే ఆ ఒక్క మాట అక్షరాల వంపులు, దాని పక్కన అంకె ఎక్కడ ఉంటుందో, నాకు నిద్రలో అడిగినా తెలుసు. మీ నాన్న కాగితాలు మోసింది నేనే కదా. పైన నీ పేరు, నీ బడి పుస్తకాల అట్టల మీద చూసి చూసి గుర్తున్న అక్షరాలే. తేదీ మార్చి మూడు. బొద్దింకను మళ్ళీ నా సంచిలో వేసుకున్నాను. ఆ నాలుగు రోజులూ నేను చక్కగా ఉన్నది అందుకు. నీ వెనక నడిచింది నీ చీలమండలు చూడటానికి. ఇంకా పొంగలేదు. రోజూ చూశాను, పొంగలేదు.

అప్పుడు ఒక్కొక్కటీ వెనక్కి వచ్చాయి. ఉప్పు పట్టిన ఎండుచేపల వరసలో తిప్పుకున్న ముక్కు. నీ వంటింట్లో, పిండి పోవడానికని చెప్పి దుంప ముక్కల్ని రెండుసార్లు నానబెట్టి నీళ్ళు పారబోసిన గిన్నె. జలుబు. నేను తాగిన ఆ రెండో బొండం. రెండు పాయింట్ నాలుగు ఉన్న మనిషి రెండు బొండాలు గటగటా తాగుతుందా భానూ? నా చేత్తో నేనే రాశాను, ఉద్దానంలో పుట్టి నువ్వు పట్టుకోలేదు. ఎందుకో తెలుసా? భయం వేస్తే లెక్క తప్పుతుంది. నువ్వూ అక్కడ ఒక్కదానివే భయంతో లెక్క తప్పుతున్నావు.

అక్కడే అడగొచ్చు కదా అంటావు. అడిగితే ఇంకో జలుబు చెప్పేదానివి. నా కడుపున పుట్టినదానివి, అబద్ధం అతుకు లేకుండా చెప్పగలవు. ఇప్పటిదాకా చదువుతూ, అమ్మ ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని నీ గుండెలో ఏం పుట్టిందో, మే నెల నుంచి అది నా గుండెలో ఉంది. ఒక్క పది నిమిషాలు నీకు అప్పగించాను. కోపం రానీ. కానీ రా.

కవరులో ఉన్నది నా కాగితం. పలాసలో పరీక్ష చేయించుకున్న మాట నిజమే. సున్నా పాయింట్ తొమ్మిది. జన్మలో నేను పాసైన పరీక్ష ఇదొక్కటే. బ్లడ్ గ్రూపు కూడా రాయించుకున్నాను, ఓ పాజిటివ్. ఎందుకని ఇప్పుడు అడగకు. పేరు చెప్పకుండా నీ అంకె డాక్టరమ్మకు చెప్పాను. డయాలసిస్ దాకా ఇంకా చాలా దూరం ఉంది, దాచకపోతే చాలా చెయ్యొచ్చు అంది. ఈ మాట నాలుగుసార్లు చెప్పించుకున్నాను. ఆవిడ విసుక్కుంది.

మీ నాన్న అరుగు మీద చెప్పినప్పుడు నేను చూడలేదు. నువ్వు చెప్పకపోయినా చూశాను. ఈసారికి ఇది చాలనుకో.

కవరు అడుగున ఇంకొకటి కూడా ఉంది. అది రబ్బరుది. భయపడకు.